జముకును గ్రాన్యులర్‌లో వేస్తే ఇసుక రాలినట్టు ఎందుకు వస్తుంది: ప్లగిన్ కొనేముందు సరిచేసుకోవాల్సినవి

తమ్ముడూ, నీ ప్రశ్నను ముందు కుదించి రాస్తాను, తర్వాత చదివేవాళ్ళకు కూడా పనికొస్తుంది. ఊరు పర్లాకిమిడి. 8 జీబీ ర్యామ్ ఉన్న ఐ5 ల్యాప్‌టాప్, విండోస్, రీపర్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్). జముకు (జముకుల కథలో వాయించే, తోలూ తంత్రీ ఉన్న వాద్యం) చెక్కకు పియెజో బిళ్ళ (అదురును విద్యుత్తుగా మార్చేది) అతికించి, చిన్న మిక్సర్ లైన్ ఇన్‌లో పెట్టి రికార్డు చేశావు. గ్రాన్యులర్ ప్లగిన్‌లో (శబ్దాన్ని గ్రెయిన్లు అనే చిన్న ముక్కలుగా చేసి మళ్ళీ పేర్చేది) వేస్తే జముకు ఛాయే కనబడక, రేకు డబ్బా మీద ఇసుక పోసినట్టు పలచగా వస్తోంది. వెనకాల గుయ్‌మని మోత. గ్రెయిన్లు పెంచితే ల్యాప్‌టాప్ టపటపమంటోంది. సన్నాయికి సింథ్ శ్రుతి కలవడం లేదు. చేతిలో పాతిక వేలు ఉన్నాయి, ప్లగిన్ల కట్ట కొనాలా, యూరోర్యాక్ (విడివిడి మాడ్యూళ్ళు కొని పెట్టెలో బిగించి కట్టుకునే సింథ్) మొదలుపెట్టాలా అని అడిగావు.

రెండూ వద్దు. నువ్వు చెప్పిన నాలుగు బాధల్లో ఒక్కటి కూడా ప్లగిన్ వల్ల వచ్చింది కాదు. గ్రాన్యులర్ అనేది భూతద్దం. లోపలికి వెళ్ళిన శబ్దంలో ఏముందో దాన్నే పెద్దది చేసి చూపిస్తుంది. జముకులోని గుమ్‌మనే అడుగు శబ్దం నీ ఫైల్‌లోకి రానేలేదు, మోత, బుస మాత్రం వచ్చాయి. ఎంత ఖరీదైన ప్లగినైనా వాటినే పెంచి ఇస్తుంది.

మొదట పియెజో సంగతి. ఇది మైకులాంటిది కాదు, విద్యుత్తు పరంగా చూస్తే చిన్న కెపాసిటర్. బజారులో దొరికే 27 మి.మీ. ఇత్తడి బిళ్ళ కెపాసిటీ సుమారు 20 నానోఫారడ్‌లు ఉంటుంది. దాన్ని ఏ ఇన్‌పుట్‌కు తగిలిస్తే ఆ ఇన్‌పుట్ నిరోధంతో కలిసి అది ఒక లో-కట్ ఫిల్టర్ (అడుగు శబ్దాన్ని కోసేసేది) అయిపోతుంది. లెక్క సులువే: 1ని 2పై, నిరోధం, కెపాసిటీ మూడింటి లబ్ధంతో భాగించాలి. చిన్న మిక్సర్ల లైన్ ఇన్ నిరోధం 10 కిలోఓమ్‌ల ప్రాంతంలో ఉంటుంది. 20 నానోఫారడ్‌లతో లెక్కేస్తే కోత దాదాపు 800 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. అక్కడినుంచి కిందికి దిగే ప్రతి ఆక్టేవ్‌కూ, అంటే హెర్ట్జ్ సగమైన ప్రతిసారీ, 6 డీబీ పోతుంది. జముకు తంత్రి గుమ్‌మనే 100 హెర్ట్జ్ దగ్గర అప్పటికే 18 డీబీ ఎగిరిపోయింది. మిగిలింది గోటి గీత, చెక్క టిక్కు. నీకు వినబడుతున్న ఇసుక అదే.

అదే బిళ్ళను 1 మెగాఓమ్ ఇన్‌పుట్‌కు తగిలిస్తే కోత 8 హెర్ట్జ్‌కు దిగుతుంది, అంటే మొత్తం శబ్దం వస్తుంది. ఆడియో ఇంటర్‌ఫేస్‌ల మీద గిటార్ బొమ్మతోనో, 'ఇన్‌స్ట్' అనో ఉండే ఇన్‌పుట్ ఇందుకే. చాలావాటిలో అది 1 మెగాఓమ్ చుట్టుపక్కల ఉంటుంది. ల్యాప్‌టాప్ మైక్ జాక్‌లో మాత్రం ఎప్పుడూ పెట్టకు. అక్కడ నిరోధం కిలోఓమ్‌లలోనే ఉంటుంది, పైగా మైకు కోసం కొంచెం డీసీ కూడా వస్తుంది.

వైరు 2 మీటర్ల లోపైతే బిళ్ళ నుంచి నేరుగా 'ఇన్‌స్ట్' లోకి పెట్టేయొచ్చు. కథ చెప్పే బృందం పక్క గదిలోనో, అరుగు మీదో కూర్చుంటే వైరు పొడుగవుతుంది, ఎక్కువ నిరోధం ఉన్న ఇన్‌పుట్‌కు వెళ్ళే పొడుగు వైరు చుట్టూ ఉన్న కరెంటు మోతనంతా పట్టేస్తుంది. అప్పుడు వాద్యం దగ్గరే బఫర్ (బిళ్ళ శబ్దం పొడుగు వైరులో చెడకుండా చూసే చిన్న సర్క్యూట్) కట్టాలి. బరంపురంలో గానీ విశాఖలో గానీ ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్లో అడిగితే అన్నీ దొరుకుతాయి. జేఫెట్ ట్రాన్సిస్టర్ల కోసం తిరగకు, అసలువి దొరకడం కష్టమైపోయింది. టీఎల్072 ఐసీ చాలు.

కట్టే పద్ధతి ఇది. ఐసీ 8వ కాలికి 9 వోల్టుల బ్యాటరీ ప్లస్, 4వ కాలికి మైనస్. ప్లస్, మైనస్‌ల మధ్య రెండు 10 కిలోఓమ్ రెసిస్టర్లు వరసగా పెడితే నడుమ 4.5 వోల్టులు వస్తాయి. ఆ నడుమ బిందువు నుంచి మైనస్‌కు 47 మైక్రోఫారడ్ కెపాసిటర్. అదే బిందువు నుంచి 3వ కాలికి 1 మెగాఓమ్. బిళ్ళ నడిమి వైరు 100 నానోఫారడ్ కెపాసిటర్, దాని వెనక 10 కిలోఓమ్ దాటి 3వ కాలికి రావాలి. 2వ కాలు, 1వ కాలు కలిపేయాలి. 1వ కాలి నుంచి 10 మైక్రోఫారడ్ (ప్లస్ వైపు ఐసీకి), తర్వాత 1 కిలోఓమ్, ఆ పైన జాక్. జాక్ మొనకూ మైనస్‌కూ మధ్య 100 కిలోఓమ్ ఒకటి పెడితే పెట్టి తీసినప్పుడు ఢాం అనదు. వాడని రెండో సగాన్ని వేలాడదీయకు. 6, 7 కాళ్ళు కలిపి, 5వ కాలును 4.5 వోల్టుల బిందువుకు కట్టు, లేకపోతే అది తనలో తాను ఊగి బుస పెంచుతుంది. ఇంకొకటి: బిళ్ళను వేలితో గట్టిగా కొడితే పదుల వోల్టులు పుడతాయి. 3వ కాలి నుంచి ప్లస్‌కు ఒకటి, మైనస్ నుంచి 3వ కాలికి ఒకటి చొప్పున 1ఎన్4148 డయోడ్లు పెట్టు. రెండింటికీ గీత ఉన్న కొస ప్లస్ వైపే చూడాలి. ఐసీ తాగేది 3 మిల్లీఆంపియర్ల చుట్టూ, మంచి ఆల్కలైన్ బ్యాటరీ వంద గంటలు దాటి వస్తుంది.

టంకం పెట్టేటప్పుడే ఎక్కువమంది బిళ్ళ పాడుచేస్తారు. నడుమ ఉన్న తెల్లటి పింగాణీ మీద వెండి పూత పలచగా ఉంటుంది. ముందు వైరుకు టంకం పట్టించి ఉంచుకుని, బిళ్ళ మీద 2 సెకన్లలోపు ఆనించి తీసేయాలి. అంతకు మించితే పూత లేచిపోతుంది, మళ్ళీ అతకదు. అందుకే నడుమ కాకుండా పింగాణీ అంచుకు దగ్గరగా పెడతారు. ఇత్తడి అంచుకు వైరు జాలిని (నడిమి వైరు చుట్టూ ఉండే అల్లికను) కలపాలి. రెండూ అయ్యాక టంకం చుక్కల మీద గోళ్ళ రంగు ఒక పూత, ఆరాక ఇంకో పూత. ఆ తర్వాత బిళ్ళను పలచటి ఇన్సులేషన్ టేపుతో చుట్టి, దానిమీద అల్యూమినియం రేకు చుట్టి, రేకును వైరు జాలికి కలిపితే మోత సగానికి సగం పోతుంది. రేకు నడిమి వైరుకు తగలకుండా చూసుకో, తగిలితే శబ్దమే రాదు.

ఎక్కడ అతికించాలన్నది చెవితో తేల్చుకోవాల్సిన విషయం. తోలు మీద పెడితే బిళ్ళ బరువుకే తోలు మూగబోతుంది. జముకుకైతే చెక్క మీద, తోలు కట్టిన అంచుకు రెండు వేళ్ళ దూరంలో, పలచటి రెండు వైపుల టేపుతో పెట్టి మొదలుపెట్టు. స్పాంజి టేపు వద్దు, అది అదురును మింగేస్తుంది. డప్పుకైతే చట్రం లోపలి వైపు. ఒక్కో చోట పది పది దెబ్బలు రికార్డు చేసి పోల్చు. బిళ్ళకు సొంత గొంతు కూడా ఉంటుంది, 27 మి.మీ. బిళ్ళ 4 కిలోహెర్ట్జ్ దరిదాపుల్లో, 35 మి.మీ. బిళ్ళ 3 కిలోహెర్ట్జ్ కింద మోగుతుంది. ఆ చోట ఈక్యూలో (ఒక్కో మెట్టు శబ్దాన్ని విడిగా పెంచి తగ్గించేది) 4 నుంచి 6 డీబీ తగ్గిస్తే ముక్కుతో పలికినట్టుండే గుణం పోతుంది.

వీలైతే బిళ్ళతోపాటు ఒక మైకు కూడా వాడు. బిళ్ళ ఒళ్ళు వింటుంది, మైకు గాలి వింటుంది. మైకు 35 సెం.మీ. దూరంలో ఉంటే దాని శబ్దం 1 మిల్లీసెకను ఆలస్యంగా వస్తుంది, 48 కిలోహెర్ట్జ్‌లో అంటే 48, 49 శాంపిళ్ళు. రీపర్‌లో జూమ్ చేసి మైకు ట్రాక్‌ను అంత ముందుకు జరపకపోతే రెండూ కలిసి అడుగు శబ్దాన్ని తినేస్తాయి.

రికార్డింగ్ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. గట్టి దెబ్బ మైనస్ 12 డీబీ దగ్గర ఆగాలి. సీలింగ్ ఫ్యాను ఆపాల్సిందే, ఎందుకో కింద లెక్కతో చెప్తాను.

ఇక మోత. నీది 50 హెర్ట్జ్ మోతా, దాని పైమెట్లా అన్నది ముందు చూడు. రీపర్‌తో వచ్చే రీఎఫ్ఐఆర్‌లో గానీ ఏ ఎనలైజర్‌లో గానీ కనబడుతుంది. ఛార్జర్ పీకి, ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడుపు. మోత పోతే అది ఛార్జర్ ద్వారా వచ్చే ఎర్త్ వలయం. అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టు, బ్యాలెన్స్‌డ్ కేబుళ్ళు వాడు, అప్పటికీ ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సు (వాద్యానికీ ఇంటర్‌ఫేస్‌కూ నడుమ పెట్టే చిన్న పెట్టె) పెట్టు. ప్లగ్ ఎర్త్ పిన్ను విరిచేసే పద్ధతి ఒకటి అందరూ చెప్తుంటారు, ఎప్పుడూ చేయకు, ప్రాణం మీదికొస్తుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడే మోత వస్తుంటే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టరై ఉంటుంది. 150, 250, 350 హెర్ట్జ్‌ల దగ్గర ఈటెల్లా లేస్తాయి. ఎలక్ట్రానిక్ ఫ్యాను రెగ్యులేటర్లు, చవక ఎల్ఈడీ బల్బులు కూడా అలాగే బుర్రుమంటాయి. రికార్డు చేసే పది నిమిషాలు ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద, గదిలో మిగతావన్నీ ఆపేసి పనిచేస్తే రూపాయి ఖర్చు లేకుండా తీరిపోతుంది.

తీరని మోత మిగిలితే 50, 100, 150 దగ్గర సన్నటి నాచ్‌లు (ఆ ఒక్క హెర్ట్జ్‌నే కోసే ఫిల్టర్లు) పెట్టు, సన్నదనం చెప్పే క్యూ అంకె 30 దాకా. ఇక్కడొక పొరపాటు దాదాపు అందరూ చేస్తారు: నాచ్‌ను గ్రాన్యులర్ తర్వాత పెడతారు. గ్రాన్యులర్‌లో 7 సెమిటోన్లు (కీబోర్డులో పక్కపక్క మీటల తేడాలు) పైకి జరిపితే 50 హెర్ట్జ్ మోత 75కు జరిగిపోతుంది. నీ నాచ్ ఖాళీ చోట గొయ్యి తవ్వుతూ ఉంటుంది, మోత పక్కనుంచి నడిచి వెళ్ళిపోతుంది. శుభ్రం చేసే పనంతా గ్రాన్యులర్‌కు ముందే అయిపోవాలి.

ఇప్పుడు ఫ్యాను లెక్క. శబ్దాన్ని విపరీతంగా సాగదీసే పాల్‌స్ట్రెచ్ లాంటి వాటిలో విండో (ఒక్కోసారి తీసుకునే శబ్దపు ముక్క) పెద్దగా ఉంటుంది, అర సెకను అనుకో. జముకు దెబ్బ అసలు బలం 20 మిల్లీసెకన్లలో ఉంటుంది. ఆ 20 మిల్లీసెకన్ల శక్తిని 500 మిల్లీసెకన్ల మీద పరిచేస్తే సగటు 25వ వంతుకు పడిపోతుంది, అంటే 14 డీబీ. ఫ్యాను శబ్దం మాత్రం ముందునుంచీ ఆగకుండా ఉన్నదే, అది ఒక్క డీబీ కూడా తగ్గదు. సాగదీసే ముందు దెబ్బకూ బుసకూ మధ్య 40 డీబీ తేడా ఉంటే, సాగదీశాక 26 మిగులుతుంది. పైన రివర్బ్ వేస్తే బుసే పాట అయిపోతుంది. సన్నాయి లాంటి ఆగని నాదానికి ఈ నష్టం ఉండదు. అందుకే నా మాట: పాల్‌స్ట్రెచ్‌లో సన్నాయి వెయ్యి, దెబ్బలకు గ్రాన్యులర్ వాడు.

ప్లగిన్లలో నీకు కావాల్సినవన్నీ ఉచితంగానే ఉన్నాయి. సాగదీయడానికి పాల్‌ఎక్స్‌స్ట్రెచ్, సింథ్‌గా సర్జ్ ఎక్స్‌టీ, రివర్బ్‌కు వేల్హల్లా సూపర్‌మాసివ్, ఎయిర్‌విండోస్ వాళ్ళవి కొన్ని, వీటన్నిటికంటే ముఖ్యంగా కార్డినల్. యూరోర్యాక్‌ను కంప్యూటర్‌లో అనుకరించే వీసీవీ ర్యాక్ ఉచిత వెర్షన్ విడిగానే నడుస్తుంది, రీపర్ లోపల ప్లగిన్‌గా కావాలంటే డబ్బు కట్టాలి. కార్డినల్ అదే మూలం మీద కట్టిన ఓపెన్ సోర్స్ ప్లగిన్, మాడ్యూళ్ళన్నీ లోపలే ఉంటాయి. అందులో ఆడిబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ వరసలో టెక్స్చర్ సింథసైజర్ అని ఒకటుంది. మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ పేరుతో ఎమిలీ జిలే చేసిన క్లౌడ్స్ అనే యూరోర్యాక్ మాడ్యూలే అది. ఆవిడ 2022లో సంస్థ మూసేసినా కోడ్ ముందునుంచీ అందరికీ ఇచ్చేశారు కాబట్టి ఆ పని బతికే ఉంది. యూరోర్యాక్‌లో నువ్వు కొందామనుకున్న ఆ గుణం నీ ల్యాప్‌టాప్‌లోనే ఉందన్నమాట.

ఆ మాడ్యూల్‌ను బాగా తెలుసుకుంటే చాలు, మిగతా గ్రాన్యులర్లన్నీ దాని చుట్టాలే. డెన్సిటీ నాబ్ సరిగ్గా నడుమ ఉంటే గ్రెయిన్లే పుట్టవు, చాలామంది శబ్దం రావట్లేదని తీసేసేది ఇక్కడే. కుడికి తిప్పితే గ్రెయిన్లు అడ్డదిడ్డంగా పుడతాయి, ఎడమకు తిప్పితే గడియారంలా సమానంగా పుడతాయి. ఈ తేడా పెద్దది. సమానంగా సెకనుకు 50 గ్రెయిన్లు పుడితే చెవికి 50 హెర్ట్జ్ స్వరం అదనంగా వినబడుతుంది, నువ్వు వేయని శ్రుతి ఒకటి పాటలోకి దూరుతుంది. కావాలని వాడితే గొప్ప పనిముట్టు, తెలియకుండా వస్తే పెద్ద తలనొప్పి. సైజ్ గ్రెయిన్ పొడవు. 10 మిల్లీసెకన్ల కిందికి పోతే ఏ వాద్యమైనా ఒకేలా బుర్రుమంటుంది. జముకు జముకులా వినబడాలంటే 60 నుంచి 120 మధ్య ఉంచు. టెక్స్చర్ గ్రెయిన్ అంచును మారుస్తుంది: ఎడమ చివర నిటారు అంచు, టిక్కులొస్తాయి, కుడికి పోయేకొద్దీ గుండ్రబడుతుంది, ఇంకా పోతే పొగలా పరుచుకుంటుంది. ఫ్రీజ్ నొక్కితే అప్పటిదాకా విన్నదాన్ని పట్టి ఉంచుతుంది. మంచి నాణ్యతలో స్టీరియో అయితే ఆ జ్ఞాపకం 1 సెకనే, నాణ్యత బాగా తగ్గించి మోనో చేస్తే 8 సెకన్లదాకా.

ఒక లెక్క గుర్తుంచుకో: సెకనుకు గ్రెయిన్లు ఎన్నో, ఒక్కో గ్రెయిన్ ఎన్ని సెకన్లో గుణిస్తే ఏ క్షణానైనా ఎన్ని గ్రెయిన్లు ఒకదానిమీద ఒకటి ఉన్నాయో తెలుస్తుంది. సెకనుకు 20, ఒక్కోటి 50 మిల్లీసెకన్లు: ఒకటి. అంటే అంచు అంచు తాకుతూ, దెబ్బ దెబ్బా వినబడుతుంది. సెకనుకు 100, ఒక్కోటి 40 మిల్లీసెకన్లు: నాలుగు. మబ్బు కమ్మినట్టవుతుంది, శబ్దం కూడా 6 డీబీ పెరుగుతుంది. జముకు కథలోని లయ వినబడాలనుకుంటే 1కీ 2కీ మధ్య ఉండు. ల్యాప్‌టాప్ టపటపలు కూడా ఈ లెక్కలోంచే వస్తాయి, ప్రాసెసర్ మోసేది ఈ అంకెనే.

దెబ్బ చచ్చిపోయినట్టు వినబడితే గ్రెయిన్ మొదలయ్యే చోటు చూడు. దెబ్బకు 5, 10 మిల్లీసెకన్లు ముందు నుంచి మొదలవ్వాలి. గ్రెయిన్ అంచు నెమ్మదిగా లేస్తుంది కాబట్టి సరిగ్గా దెబ్బ మీదే మొదలుపెడితే పదునంతా ఆ లేచే భాగంలోనే కరిగిపోతుంది. చోటులో చిన్న చెదురు, అటూ ఇటూ 30 మిల్లీసెకన్లు, ఇస్తే ఒకే దెబ్బ మిషను కుట్టినట్టు కాకుండా మనిషి కొట్టినట్టుంటుంది.

స్పెక్ట్రల్ ప్లగిన్లు (శబ్దాన్ని స్వరాలుగా విడదీసి మార్చేవి) వాడితే ఎఫ్ఎఫ్‌టీ సైజు, అంటే ఒక్కోసారి ఎన్ని శాంపిళ్ళు చూస్తుందన్నది, అర్థం చేసుకో. 48 కిలోహెర్ట్జ్‌లో 4096 అంటే 85 మిల్లీసెకన్ల కిటికీ, స్వరాలను 12 హెర్ట్జ్ తేడాతో విడదీస్తుంది, సన్నాయికి సరిపోతుంది. డప్పుకు అదే వాడితే దెబ్బకు ముందే నీడలాంటి శబ్దం వస్తుంది. 512కు తగ్గించు, కిటికీ 11 మిల్లీసెకన్లే, కానీ 94 హెర్ట్జ్ లోపు తేడాలు దానికి కనబడవు.

టపటపల గురించి. 8 జీబీ తక్కువేం కాదు, సర్దుబాటే సరిగా లేదు. రికార్డు చేసేటప్పుడు ఆడియో బఫర్ (ల్యాప్‌టాప్ ఒక్కో విడతలో తీసుకునే శాంపిళ్ళు, పైన కట్టిన సర్క్యూట్ కాదు) 128, అంటే 2.7 మిల్లీసెకన్లు. కూర్చి, కలిపేటప్పుడు 1024, అంటే 21. రికార్డింగ్ సమయంలో భారీ ప్లగిన్లు ఆపేయి. గ్రాన్యులర్ ట్రాక్ నచ్చగానే రీపర్‌లో ఫ్రీజ్ చేసెయ్, ఆడియోగా మారిపోతుంది, బరువుండదు. వైఫై, బ్లూటూత్ ఆపి, విండోస్ పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్‌లో పెట్టు. ఏజియో (ASIO, విండోస్‌లో శబ్దం ఆలస్యం లేకుండా వచ్చేలా చేసే) డ్రైవర్ ఇంటర్‌ఫేస్ తయారీదారు ఇచ్చినదే ఉండాలి. బాగా చవకైన ఇంటర్‌ఫేస్‌లకు సొంత డ్రైవరే ఉండదు, కొనేముందు ఆ ఒక్క మాట తప్పకుండా చూసుకో. ఇన్ని చేసినా ఆగకపోతే లేటెన్సీమాన్ అనే ప్రోగ్రాం నడిపి ఏ డ్రైవర్ అడ్డుపడుతోందో చూడు.

శ్రుతి సంగతి నాకు ఇష్టమైనది, చాలామంది దీన్ని సగంలో వదిలేస్తారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. సన్నాయి షడ్జమం ఎక్కడుందో ముందు కొలువు. ఉదాహరణకు 287 హెర్ట్జ్ వచ్చిందనుకుందాం. సింథ్‌లోని డీ (D) స్వరం 293.66. తేడా సుమారు 40 సెంట్లు (సెమిటోన్‌లో నూరో వంతు ఒక సెంటు) తక్కువ. సింథ్ మొత్తాన్ని 40 సెంట్లు దించితే, అంటే 'ఏ' (A) అనే స్వరాన్ని 440 నుంచి 430కి తెస్తే, షడ్జమం కలుస్తుంది. పంచమం కూడా దాదాపు కలుస్తుంది. గాంధారం దగ్గర మాత్రం మళ్ళీ కొట్టుకుంటుంది. వాద్యకారుడు పలికించే అంతర గాంధారం షడ్జమానికి 5/4 దగ్గర, 386 సెంట్లలో నిలుస్తుంది, కీబోర్డుది 400. ఈ శ్రుతిలో ఆ రెండూ కలిపి మోగిస్తే సెకనుకు దాదాపు 3 అలలు వినబడతాయి. నువ్వు 'ఏదో పుల్లగా ఉంది' అని రాసింది ఇదే అయుంటుంది.

సర్జ్ ఎక్స్‌టీ స్కాలా ఫైళ్ళను (స్వరాల నిష్పత్తులు రాసే టెక్స్ట్ ఫైళ్ళు) నేరుగా తీసుకుంటుంది. నోట్‌ప్యాడ్‌లోనే రాసుకోవచ్చు. మొదటి వరసలో ఏదైనా పేరు, రెండో వరసలో స్వరాల సంఖ్య, ఆ తర్వాత ఒక్కో వరసలో ఒక్కో స్వరం. షడ్జమం రాయనక్కర్లేదు, పై షడ్జమం రాయాలి. మోహనకైతే సంఖ్య 5, ఆపైన 9/8, 5/4, 3/2, 5/3, 2/1. సెంట్లలో రాయాలంటే దశాంశ చుక్క తప్పనిసరి: 386.0 అని రాయాలి. చుక్క మరిచి 386 అని రాస్తే దాన్ని 386/1 నిష్పత్తిగా చదువుకుని స్వరాన్ని ఎనిమిది ఆక్టేవ్‌ల పైకి విసిరేస్తుంది, ప్లగిన్ పాడైందనుకుంటావు. ఏ మీట షడ్జమమో, దాని హెర్ట్జ్ ఎంతో చెప్పేది రెండో ఫైల్, కేబీఎం. అక్కడ 287 పెట్టు. ఇంకో మాట, సన్నాయి గమకాన్ని సింథ్‌తో వెంటాడకు. సింథ్‌ను సా, పా దగ్గర నిలిపి, కదలికంతా సన్నాయికే వదిలితే పాట ఊపిరి పీల్చుకుంటుంది.

తోలు వాద్యాలకు ఇంకో చిక్కుంది. మన వైపు వానాకాలపు తేమకు తోలు సడలి శ్రుతి దిగిపోతుంది. డప్పును మంటకు కాచి మొదలుపెడితే అరగంటలో మళ్ళీ దిగుతుంది. ప్రతి టేక్‌కు ముందు ఒకటి, చివర ఒకటి విడి దెబ్బ రికార్డు చేసి ఉంచుకో, తర్వాత ఏ టేక్‌ను ఎంత జరపాలో దాన్నిబట్టి తెలుస్తుంది. కండెన్సర్ మైకుకూ తేమ శత్రువే. చిటపటమని శబ్దం మొదలైతే క్యాప్సూల్ మీద చెమ్మ చేరిందని అర్థం. గాలి చొరబడని స్టీలు డబ్బాలోనో ప్లాస్టిక్ డబ్బాలోనో సిలికా జెల్ పొట్లాలతో పెట్టు, పొట్లాలను నెలకోసారి మార్చు. హెయిర్ డ్రయర్ పెట్టి ఆరబెట్టకు.

పాతిక వేలు ఎలా ఖర్చుపెట్టాలంటే: గిటార్ ఇన్‌పుట్, 48 వోల్టుల ఫాంటమ్ (కండెన్సర్ మైకుకు కేబుల్‌లోనే ఇచ్చే కరెంటు), సొంత ఏజియో డ్రైవర్ ఉన్న రెండు ఇన్‌పుట్‌ల ఇంటర్‌ఫేస్ ముందు. తర్వాత చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్. ఆ తర్వాత బఫర్ సామాన్లు, నాలుగు పియెజో బిళ్ళలు, ఒక మామూలు డైనమిక్ మైకు. మానిటర్ స్పీకర్లు ఇప్పుడొద్దు. నీది పదడుగుల గది అన్నావు. ఎదురెదురు గోడల మధ్య 56 హెర్ట్జ్ నిలబడిపోతుంది. గోడ దగ్గర కూర్చుంటే అడుగు శబ్దం ఉబ్బి, గది నడుమ కూర్చుంటే మాయమై వినబడుతుంది. ఆ గదిలో ఎంత మంచి స్పీకరైనా నీకు నిజం చెప్పదు. మూలల్లో బూరుగు దూది పరుపులు నిలబెడితే కొంత మేలు, అయినా అడుగు శబ్దం తీర్పు హెడ్‌ఫోన్స్‌లోనే చెయ్యి.

యూరోర్యాక్ మీద మోజు పోకపోతే కార్డినల్‌లోనే మూడు నెలలు ఒకే ప్యాచ్ (మాడ్యూళ్ళను కేబుళ్ళతో కలిపిన ఒక అమరిక) మీద పనిచేసి, అందులో రోజూ చెయ్యి పడిన మాడ్యూళ్ళ జాబితా రాసుకో. కొనాల్సినవి అవే. కొన్న రోజున రెండు విషయాలు: రిబ్బన్ కేబుల్ ఎర్ర గీత మైనస్ 12 వోల్టుల వైపు ఉండాలి, తిరగేస్తే మాడ్యూల్ కాలిపోవచ్చు. మాడ్యూళ్ళన్నీ తాగే మిల్లీఆంపియర్ల మొత్తానికి పైన కనీసం మూడోవంతు ఎక్కువ ఇచ్చే పవర్ సప్లై ఉండాలి.

నీ దగ్గరున్న ఆ చిన్న మిక్సర్‌ను పారేయకు. ఇన్‌పుట్ ఏమీ లేకుండా దాని ఆక్స్ సెండ్‌ను (శబ్దాన్ని విడిగా బయటికి పంపే అవుట్‌పుట్) ఒక ఛానల్ లైన్ ఇన్‌లోకి తిరిగి పెట్టి, ఆ ఛానల్ ఆక్స్ నాబ్‌ను మెల్లగా తెరువు. మిక్సరే తనంతట తాను పాడటం మొదలుపెడుతుంది, ఈక్యూ నాబ్‌లు స్వరాలవుతాయి. జపాన్ సంగీతకారుడు తోషిమారు నకమురా ఏళ్ళ తరబడి దీనిమీదే పనిచేశాడు. జాగ్రత్తలు మాత్రం గట్టిగా పాటించు. మొదలుపెట్టేటప్పుడు హెడ్‌ఫోన్స్ చెవులకు ఉండకూడదు, అది ఒక్క గెంతులో 30 డీబీ లేస్తుంది. రీపర్ ఇన్‌పుట్‌లో మైనస్ 12 దగ్గర లిమిటర్ (శబ్దం అంతకు మించకుండా ఆపేది), 40 హెర్ట్జ్ దగ్గర లో-కట్ పెట్టాకే విను. ఈ అరుపును కార్డినల్ టెక్స్చర్ మాడ్యూల్‌లో ఫ్రీజ్ చేసి, దానిమీద శుభ్రమైన జముకు దెబ్బలు వేసి చూడు.

బయట రికార్డింగ్‌కు మహేంద్రతనయ ఒడ్డుకు గానీ, నౌపడా–గుణుపూర్ రైలు కోసం గానీ వెళ్తే మైకుకు వచ్చే నల్ల స్పాంజి గాలికి ఆగదు, బొచ్చు తొడుగు కావాలి. బరంపురం ఠాకురాణీ యాత్ర డోళ్ళ దగ్గర 32 బిట్ ఫ్లోట్ రికార్డర్ ఉంది కదా అని ధీమాగా ఉండకు. ఫైల్‌లో క్లిప్ కాకపోయినా మైకు క్యాప్సూల్ ముందే నలిగిపోతుంది, దూరం జరగాల్సిందే. కథ చెప్పేవాళ్ళ దగ్గర రికార్డు చేస్తే, దాన్ని ముక్కలు చేసి ఎలా వాడబోతున్నావో ఒక ముక్క వినిపించి మరీ అడుగు. ఒప్పుకున్నవాళ్ళ పేర్లు పాటతోపాటు రాయి, వచ్చిన దాంట్లో వాళ్ళ వాటా ముందే మాట్లాడుకో. వాళ్ళ గొంతూ చెయ్యీ లేకపోతే ఈ ప్లగిన్లకు తినడానికేమీ లేదు.

బఫర్ కట్టాక మూడు ముక్కలు రికార్డు చేసి పెట్టు: పది సెకన్లు ఏమీ వాయించకుండా, పది విడి దెబ్బలు, అర నిమిషం మామూలు వాయింపు. ఏ ప్లగినూ వేయకు, నార్మలైజ్ కూడా చేయకు. బిళ్ళ ఎక్కడ అతికించావో ఒక ఫోటో, ఛార్జర్ పెట్టి ఉందో లేదో ఒక మాట. అవి చూస్తే గ్రెయిన్ సైజు, డెన్సిటీ ఎక్కడ మొదలుపెట్టాలో అంకెలతో చెప్తాను.